నిలబడ్డ పిల్ల పేరు

యోగేశ్వరి ముప్పై ఏళ్ళపాటు జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పి బతికింది. సింగపూరులో, పాయా లేబర్ అనే పేటలో ఒక సరకు రవాణా కంపెనీలో ఫోను దగ్గర కూర్చోవడం ఆమె ఉద్యోగం. నా పెట్టె ఎక్కడుంది, ఓడ ఎప్పుడొస్తుంది, సామాను తడిస్తే బాధ్యత ఎవరిది అని పొద్దున్నుంచి సాయంత్రందాకా అడుగుతూనే ఉండేవాళ్ళు. కొందరు ఇంగ్లీషులో అడిగేవాళ్ళు, కొందరు మలయ్‌లో, కొందరు తమిళంలో. ఎవరు ఏ భాషలో తిడితే ఆ భాషలోనే సర్దిచెప్పేది. ఆ పనంతా కంప్యూటరుకు అప్పగించి కంపెనీ ఆమెను సాగనంపేనాటికి యాభై ఐదు దాటాయి.

ఊరికే ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. బిషాన్‌లో వాళ్ళ ఫ్లాటు చిన్నదే. భర్త గణపతి బస్సు డిపోలో సూపర్‌వైజరు, కొడుకు సురేన్ ఒక జిమ్ములో ట్రైనరు. ఇద్దరూ పనికి వెళ్ళాక వంట, ఇల్లు సర్దుడు అయిపోయి, ఇంకా బోలెడు పగలు మిగిలిపోయేది. అలాంటి ఒక పగటిపూట, మ్యూజియంలో వాలంటీరు గైడ్లు కావాలన్న ప్రకటన చూసి పేరిచ్చింది.

ఆ ఏడాది మ్యూజియంలో ప్రాచీన గ్రీసు మీద ఆరు నెలల ప్రదర్శన పెట్టబోతున్నారు. కొత్త గైడ్లలో ఎవరికి ఏ గది కావాలో చెప్పమన్నప్పుడు యోగేశ్వరి గ్రీకుల గది అడిగింది. ఆమె లెక్క ఆమెకుంది. కంచు నటరాజు దగ్గర నిలబడి మాట్లాడితే దారిన పోయే ప్రతి అంకులూ తప్పులు పడతాడు. గ్రీకుల సంగతి ఎవడికి తెలుసు?

గణపతికి మాత్రం ఇది అర్థం కాలేదు. "గ్రీకులా? ఆల్లు మనకేటవుతారు?" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"ఏటీ అవరు. అందుకే తీసుకున్నాను."

వీళ్ళిద్దరూ మలేషియాలో, పేరక్ రాష్ట్రంలో కొబ్బరి తోటల మధ్య పుట్టినవాళ్ళు. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తోటపనికి వచ్చిన కుటుంబాలు. తోటలో చిన్న తెలుగు బడి ఉండేది కాబట్టి యోగేశ్వరికి చదవడం, రాయడం వచ్చు. పందొమ్మిదో ఏట సింగపూరులో పిన్ని ఇంటికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే పెళ్ళి. గ్రీసు ఎక్కడుందో మ్యాపులో చూపమంటే చూపగలదేమో గాని అంతకు మించి తెలియదు.

శిక్షణ ఇచ్చిన ఆవిడ పేరు మిసెస్ లిమ్. రిటైరైన లైబ్రేరియన్, సన్నగా, ముక్కుసూటిగా ఉండే మనిషి. మూడు నెలలు పాఠాలు నడిచాయి. యోగేశ్వరి లైబ్రరీ పుస్తకాలు ఇంటికి మోసుకొచ్చి, బియ్యం నానబోస్తూ కూడా చదివింది. ఏథెన్సు, స్పార్టా, పర్షియా యుద్ధాలు, గుళ్ళ స్తంభాలు, కుండల మీది బొమ్మలు. అన్నీ వరసగా రాసుకుని అప్పజెప్పినట్టు నేర్చుకుంది. పరీక్ష రోజున మిసెస్ లిమ్ సందర్శకురాలిలా వెంట నడిచింది. రెండు గదులు బాగానే గడిచాయి. మూడో గదిలో నిలువెత్తు పహిల్వాను విగ్రహం దగ్గర యోగేశ్వరి నడక వేగం పెంచింది.

"ఆగండి. ఇతనికి బట్టలెందుకు లేవు?" అని అడిగింది మిసెస్ లిమ్.

యోగేశ్వరి గోడకేసి చూసింది. జవాబు తెలుసు, చదివింది కూడా. నోరు పెగల్లేదు. ఆ రోజు పరీక్ష తప్పింది.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి మిసెస్ లిమ్ చెప్పింది: "మీరు చెప్పేది వినడానికి ఎవరూ రారు. అడగడానికి వస్తారు. బట్టల సంగతి అందరికంటే ముందు అడుగుతారు. ఫోను దగ్గర ఎలా మాట్లాడేవారో అలా మాట్లాడండి."

ఆ మాట యోగేశ్వరికి పట్టింది. ఇంటికెళ్ళి కొడుకును సోఫాలో కూర్చోబెట్టింది. "నువ్వు టికెట్ కొనుక్కుని వచ్చినోడివి. అడుగు."

సురేన్ తల పట్టుకున్నాడు. "అమ్మా, సో పైసే లా, సిగ్గుగా ఉంది! సరే, వై దే నో క్లోత్స్?"

"కుస్తీ పట్టేటప్పుడు, పరుగు తీసేటప్పుడు ఆల్లు బట్టలు ఇప్పేసేవోరు. మగోళ్ళు అలా కసరత్తు సేసే సోటుకి జిమ్నాసియం అని పేరు. జిమ్నోస్ అంటే బట్టల్లేని అని. నువ్వు రోజూ పనికెల్తన్నావే, ఆ జిమ్ము అన్న మాట అక్కడిదే."

సురేన్ పడి పడి నవ్వాడు. మర్నాడు జిమ్ములో అందరికీ చెప్పాడట. సిగ్గు ఆమెకు ఆ సోఫా దగ్గరే పోయింది. రెండోసారి పరీక్ష నెగ్గింది.

ప్రదర్శన మొదలయ్యాక మిసెస్ లిమ్ అన్నది నిజమేనని తేలింది. ఎవరొచ్చినా దాదాపు అవే ప్రశ్నలు. ముక్కులు ఎవరు కొట్టేశారు? ఎవరూ కొట్టక్కర్లేదు, విగ్రహం బోర్లా పడితే ముందు విరిగేది ముక్కే. కొన్ని మాత్రం కావాలనే కొట్టినవి. విగ్రహాలన్నీ తెల్లగానే ఉండేవా? కాదు, మన గోపురం బొమ్మల్లాగే రంగులు వేసేవాళ్ళు, వానకూ ఎండకూ పోయాయి. ఈ మాట అంటే సింగపూరు జనం నమ్మేవాళ్ళు, తెల్లదొరలు మాత్రం మొహం అదోలా పెట్టేవాళ్ళు. ఏం తినేవాళ్ళు? బార్లీ రొట్టె, ఆలివ్‌లు, చేపలు, జున్ను. మిరపకాయ లేదు, టమాటా లేదు, బంగాళదుంప లేదు. "మరెట్లా బతికారు?" అని ఒక చైనీసు పెద్దాయన నిజంగానే బాధపడ్డాడు. ఆడవాళ్ళు ఆటలు చూడొచ్చా? ఒలింపియాలో పెళ్ళైన ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. అదే స్పార్టాలో ఆడపిల్లలు పరుగు పందేలు పెట్టుకునేవాళ్ళు. తెలియనిది తెలియదనేది, చూసి చెప్తాననేది. ఫోను దగ్గర నేర్చిన విద్యే అది.

ప్రదర్శన సగానికి వచ్చినప్పుడు, ఒక ఆదివారం తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి వచ్చాయి. తెలుగులో చెప్పగలరా అని ముందే అడిగి యోగేశ్వరిని కోరుకున్నారు. వాళ్ళను పోగుచేసినాయన కృష్ణమూర్తి, కర్నూలు మనిషి, బ్యాంకులో ఆఫీసరు, సెరంగూన్‌లో కాండోలో ఉంటాడు. భార్య భువన, పదేళ్ళ కూతురు దీక్షిత వెంట ఉన్నారు. వాళ్ళతోపాటు పార్థసారథి కూడా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. యోగేశ్వరి వాళ్ళలాగే పేరక్ తోటల్లో పుట్టి, ఓడల మరమ్మతు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గణపతికి భజనలో జతగాడు, ఇంటి మనిషి లెక్క.

తెలుగులో గ్రీకుల గురించి చెప్పడం ఆమెకు అదే మొదలు. మొదట్లో తడబడింది గాని, మన పెద్దలు యవనులు అన్నది వీళ్ళనే అనగానే జనం దగ్గరకు జరిగారు. కేంద్రం అన్న మాట మనకు వాళ్ళనుంచే వచ్చిందని, ఇంగ్లీషు సెంటరు కూడా అదే మాట అని చెప్తే భువన ఆశ్చర్యపోయింది. "అయితే మనం తినడానికి హాకర్ సెంటర్‌కి వెళ్దాం అన్నప్పుడల్లా గ్రీకు మాట్లాడుతున్నట్టే కదండీ!"

కృష్ణమూర్తికి రాజకీయాల మీద మోజు. "మేడమ్, ప్రజాస్వామ్యం ఈళ్ళే కనిపెట్టినారంట కదా? అందురూ ఓటేస్తాండ్రా?"

"అందరూ కాదండీ. ఏథెన్సు తల్లిదండ్రులకు పుట్టిన మగవాళ్ళకే. ఆడవాళ్ళకు లేదు, బయటినుంచి వచ్చి స్థిరపడినవాళ్ళకు లేదు, బానిసలకు లేదు."

"అంటే మేం ఆడుంటే మాకూ లేనట్టే," అన్నాడు కృష్ణమూర్తి. అందరూ నవ్వారు.

చివరి గదిలో ఒక సమాధి రాయి నమూనా ఉంది. కుర్చీలో ఒక ఇల్లాలు కూర్చుని ఉంటుంది. ఆమె ముందు ఒక పిల్ల నగల పెట్టె పట్టుకుని నిలబడి ఉంటుంది. పైన గ్రీకు అక్షరాల్లో పేరు చెక్కి ఉంటుంది. ఆ పేరు ఇల్లాలిదని, తండ్రి పేరుతో కలిపి చెక్కారని యోగేశ్వరి చెప్పింది.

దీక్షిత వేలు పెట్టి చూపించింది. "ఆంటీ, దిస్ గర్ల్ నేమ్ ఏంటి?"

"రాయలేదమ్మా. ఆ పిల్ల ఇంట్లో బానిస."

"బట్ షి హ్యాజ్ ఎ నేమ్, రైట్?"

"కన్నవాళ్ళు పెట్టింది ఉండే ఉంటుంది. కొనుక్కున్నవాళ్ళు తమకు తోచింది పెట్టుకునేవాళ్ళు. థ్రేస్ అనే దేశంనుంచి తెచ్చిన పిల్లయితే థ్రాట్టా అనేవాళ్ళు, థ్రేస్ పిల్ల అని. సిరియా మనిషయితే సిరోస్."

దీక్షిత యోగేశ్వరి వైపు తిరిగింది. "సో ఇఫ్ దే బై మి, దే కాల్ మి ఇండియా?"

"ఇంక పద నాయనా, ఆ పక్కది చూద్దాం," అన్నాడు కృష్ణమూర్తి, కూతురు భుజం మీద చెయ్యి వేసి.

పిల్ల కదల్లేదు. యోగేశ్వరి కూడా కదల్లేదు. ఆమె తర్వాత అన్న మాటలు పాఠంలో ఉన్నవి కావు, ముందే అనుకున్నవీ కావు.

"మా ఇంట్లో కూడా ఒక పేరు అలాగే పోయింది. మా ముత్తవ్వ పేరు అంకమ్మ. ఓడ దిగి తోటకొచ్చేసరికి కూలీల లైను ఇళ్ళలో అప్పటికే ఇద్దరు అంకమ్మలున్నారు. పనికి పిలవడానికి కష్టంగా ఉందని మేస్త్రీ ఆమెకు బంగారమ్మ అని పెట్టేశాడు. చచ్చిపోయేదాకా బంగారమ్మే. మా అమ్మమ్మ చెప్పబట్టి నాకు తెలిసింది."

దీక్షిత "అంకమ్మ" అని నెమ్మదిగా పలికి చూసుకుంది. తర్వాత అంతా బయటికి వచ్చి ఫొటోలు తీసుకున్నారు, కృష్ణమూర్తి అందరికీ కాఫీ అన్నాడు. పార్థసారథి కాఫీకి ఆగలేదు.

ఆ శుక్రవారం భజనకు కూడా ఆయన రాలేదు. గణపతి ఫోను చేస్తే ఆయన అన్న మాట ఒకటే. నీ భార్య పదిమందిలో మా అవ్వను బానిసని చేసింది, అని.

గణపతి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అన్నాడు. "ఓ మాట ఎక్కువన్నావే."

"నాను మా ముత్తవ్వ గురించి సెప్పాను. ఆల్ల అవ్వ గురించి కాదు. బానిస అని అసలు అన్నేదు."

"బానిస బొమ్మ ముందర నిలబడి సెప్పావు కదేటి."

యోగేశ్వరికి కోపం వచ్చింది. ఆ కోపం రెండు రోజులుంది. వండింది, తిన్నది, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తోటపనికి వచ్చినవాళ్ళు కొన్నేళ్ళకు ఒప్పందం మీద వచ్చారు, కూలి తీసుకున్నారు, గడువు తీరాక కొందరు తిరిగి వెళ్ళారు, ఎవరూ వాళ్ళ పిల్లల్ని అమ్ముకోలేదు. ఈ తేడా ఆమెకు బాగా తెలుసు. మరి ఆ రోజు చెప్పిందా? గుర్తు చేసుకుంటే, చెప్పలేదు. పేరు పోయిన సంగతి చెప్పి ఊరుకుంది. ఫోను దగ్గర ఇలాంటివి ఎన్నో చూసింది. అవతలివాళ్ళు తప్పుగా విన్నారంటే సగంసార్లు ఇవతలివాళ్ళు సగమే చెప్పి ఉంటారు.

మిసెస్ లిమ్‌కు తనే వెళ్ళి జరిగింది చెప్పింది. ఇకమీద ఇంటి సంగతులు తేవద్దంటారేమో అనుకుంది. మిసెస్ లిమ్ అలా అనలేదు. "చెప్తే పూర్తిగా చెప్పండి. పూర్తిగా చెప్పే తీరిక లేని రోజున చెప్పకండి," అంది.

పార్థసారథి పొద్దునపూట సెరంగూన్‌లో ఇంటి దగ్గరున్న హాకర్ సెంటరులో టీ తాగుతాడని యోగేశ్వరికి తెలుసు. సోమవారం అక్కడికి వెళ్ళింది. మూల బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి, ఆ చోటు తనదని చోప్ చేసుకుని, టీ కోసం వరసలో నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి మొహం తిప్పుకోలేదు. ఇంకో టీ చెప్పాడు. అది మర్యాదో అలవాటో ఆమెకు తెలియలేదు.

కూర్చున్నాక ఆమే మొదలుపెట్టింది. "అన్నయ్యా, ఆ దినం నాను సగమే సెప్పాను. మనోళ్ళు కూలికొచ్చారు, ఆల్లని ఎవరూ కొన్నేదు. ఆ మాట ముందు సెప్పాల్సింది. సెప్పనేదు."

పార్థసారథి టీ కప్పును పళ్ళెంలో తిప్పుతూ కూర్చున్నాడు. "మా అవ్వ మొండి మనిషి. మేస్త్రీ సెయ్యెత్తితే కత్తి సూపించిందంట. ఆ మనిషిని నువ్వు ఆ పెట్టె పట్టుకున్న పిల్ల పక్కన నిలబెట్టావు."

"నిలబెట్టాను. నిజమే."

"దానికి కాదు నాకు కోపం." ఆయన గొంతు తగ్గింది. "ఆ సిన్నపిల్ల అడిగింది సూడు, పేరేటి అని. నువ్వు టకీమని మీ ముత్తవ్వ పేరు సెప్పావు. నాకు మా అవ్వ పేరు తెల్దు యోగేశ్వరీ. నా ఏడో ఏటదాకా ఆమే నాకు అన్నం పెట్టింది. అవ్వా అని పిలిచాను. మా నాయన అమ్మా అనేవోడు. తోటలో అందరూ సిన్నోడమ్మా అనేవోరు, మా నాయన సిన్నోడు గనక. పోయాక ఎవరూ అడగనేదు. అమావాస్యకి గుళ్ళో అయ్యగారు పేరడిగితే గంగమ్మ అని సెప్పేవోణ్ణి. ఇన్నేళ్ళూ గంగమ్మే అన్నాను."

పక్క బల్ల దగ్గర గిన్నెలు తీసే ఆమె బండి తోసుకుంటూ పోయింది.

పార్థసారథే మళ్ళీ అడిగాడు. "ఆ పిల్ల సచ్చిపోతే ఎక్కడ పెట్టేవోరు? ఆమెకీ రాయి ఉంటదా?"

"తెల్దు. సూసి సెప్తాను," అంది. ఆ అలవాటైన మాట అంటున్నప్పుడు ఆమెకు ఇంతకు ముందెప్పుడూ లేనంత భయం వేసింది.

చూసింది. లైబ్రరీలో చూసింది, మిసెస్ లిమ్‌ను అడిగింది. వారం తిరక్కుండా ఫోను చేసి చెప్పింది. చాలామందికి ఏ గుర్తూ మిగల్లేదు. కొందరిని యజమానుల సమాధుల పక్కనే పూడ్చారు. పిల్లల్ని పెంచిన దాదులకు కొన్ని ఇళ్ళవాళ్ళు రాళ్ళు వేయించారు. కొన్నిటి మీద పేరు ఉంది, కొన్నిటి మీద మంచి దాది అని మాత్రమే ఉంది.

"మంచి దాది," అన్నాడు పార్థసారథి ఫోనులో. అంతే, పెట్టేశాడు. కాని ఆ శుక్రవారం భజనకు వచ్చాడు, గణపతి పక్కన కూర్చుని ఎప్పటిలాగే శ్రుతి తప్పి పాడాడు.

యోగేశ్వరి సమాధి రాయి దగ్గర చెప్పే మాటలు మార్చుకుంది. ఇప్పుడు ముందు తేడా చెప్తుంది. బానిస అంటే ఎవరు, కూలి ఒప్పందం అంటే ఏమిటి, రెండింటినీ ఒకటి చెయ్యకూడదు అని. ఆ తర్వాతే, వినేవాళ్ళకు తీరిక ఉందనిపిస్తే, అంకమ్మ సంగతి చెప్తుంది. ఒకసారి ఒక కుర్రగైడు, ఇంత వివరం ఎందుకు, జనం విసుక్కుంటారు కదా అన్నాడు. విసుక్కుంటే పక్క గదిలోకి వెళ్తారు, వెళ్ళనీ, అంది.

ఇక్కడ పార్థసారథి ఊరుకోలేదు. తెలుక్ ఇంతాన్‌లో ఉన్న పెద్దనాయన కొడుక్కి ఫోను చేశాడు, ఈపోలో మేనత్త కూతురికి చేశాడు. మలేషియాలో ఆయనకు తెలిసిన ముసలివాళ్ళంతా కొన్నాళ్ళు ఆయన ఫోన్లతో విసిగిపోయారు. చాలామందికి తెలియదు. చివరికి రెండు పేర్లు తేలాయి. పెద్దనాయన కొడుకు పైడమ్మ అన్నాడు. మేనత్త కూతురు కాదు కాదు, సింహాచలం అంది. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకూ ఆ పేరు పెడతారు. ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా చెప్పారు. తోటకు రాకముందు ఒకటి, వచ్చాక ఒకటి అయ్యుండొచ్చు. ఇద్దరిలో ఒకరు పొరబడి ఉండొచ్చు. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

మహాలయ అమావాస్య నాటికి ప్రదర్శన ముగిసింది. విగ్రహాలన్నీ చెక్కపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. యోగేశ్వరికి మ్యూజియంలో కొత్త గది ఇచ్చారు, ఓడలూ సుగంధద్రవ్యాల వ్యాపారమూ. ఆ అమావాస్య మధ్యాహ్నం పార్థసారథి గుడినుంచి తిన్నగా యోగేశ్వరి వాళ్ళింటికి వచ్చాడు. నుదుట విభూతి ఇంకా ఆరలేదు. గణపతి మంచినీళ్ళు ఇచ్చాడు.

"ఏటైంది?" అని అడిగింది యోగేశ్వరి.

"పేరేటని అడిగాడు అయ్యగారు. పైడమ్మ, సింహాచలం అన్నాను. ఇద్దరా అన్నాడు. కాదు, ఒకర్తే అన్నాను. ఒక మనిషికి ఒక పేరే సెప్పాలంట." పార్థసారథి గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "మళ్ళీ రెండూ సెప్పాను. వరసలో ఎనక శానామంది ఉన్నారు గదా, ఇంకేటీ అననేదు. రెండూ సదివాడు."

"మకాన్ అయిందా, అన్నం తిన్నావా అన్నయ్యా?" అంది యోగేశ్వరి.

కాలేదన్నాడు. ఆమె లేచి మూడో కంచం పెట్టింది.